చిన్న సీఎన్‌సీ రౌటర్ కొనే ముందు స్పిండిల్‌ని బొటనవేలితో నొక్కి చూడండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉండే మన తెలుగువాళ్ళు ఈ మధ్య చిన్న సీఎన్‌సీ రౌటర్ల గురించి తెగ అడుగుతున్నారు. టేబుల్ మీద పట్టేంత మెషీన్, కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే చెక్క మీద అచ్చంగా అదే చెక్కి పెడుతుంది, ధర కూడా ఒక మోస్తరు ఫోన్ అంతే. ఇదంతా నిజమే. కాకపోతే విశాఖలో ఉన్నవాళ్ళు కొన్నట్టు మనం కొంటే కుదరదు. వాళ్ళకి బేరింగ్ పోతే సాయంత్రానికల్లా బజారుకెళ్ళి తెచ్చుకుంటారు, మనకి కొరియర్ రావాలి, వచ్చినది సరిపోకపోతే మళ్ళీ పంపాలి, ఈలోగా మెషీన్ మీద దుప్పటి కప్పి కూర్చోవాలి. అందుకని నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: మీరే విప్పి మీరే బిగించుకోగలిగే మెషీన్ కొనండి, గట్టిగా ఉన్నది కొనండి. చెక్క పెట్టే బెడ్ ఎంత పెద్దది, లేజర్ కూడా ఇస్తున్నారా, టచ్ స్క్రీన్ ఉందా, ఇవన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఏం చేస్తారో తేల్చుకోండి

మెషీన్ల ఫొటోలు చూడ్డం ఆపి, ఒక కాగితం మీద రాబోయే కొన్ని నెలల్లో నిజంగా ఏం చెయ్యాలనుకుంటున్నారో రాయండి. మన వైపు అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఇంటి పేరు బోర్డులు చేద్దామనుకునేవాళ్ళు. పైన తెలుగు, కింద ఒడియా, ఒక్కోసారి పక్కన ఇంగ్లీషు కూడా ఉండాలంటారు. కాలేజీ పిల్లలైతే ప్రాజెక్టుల కోసం ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) చేసుకోవాలంటారు. రథయాత్ర ముందు ప్లైవుడ్‌తో చిన్న రథాలు కోసి అతికించేవాళ్ళున్నారు, చెక్క పొట్టు నొక్కి చేసిన ఎండీఎఫ్ పలకల మీద సవర గిరిజనుల బొమ్మలు చెక్కి ఫ్రేములు కట్టాలనుకునేవాళ్ళున్నారు. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు కదా, కొమ్ము మీద చెయ్యొచ్చా అని అడిగేవాళ్ళూ ఉన్నారు.

వీటన్నిటికీ ఒకే మెషీన్ సరిగ్గా సరిపోదు. సర్క్యూట్ బోర్డుకి బలం అక్కర్లేదు, తిరుగుతూ కోసే బిట్ మొన వణక్కుండా ఉంటే చాలు, ఎందుకంటే చెక్కేది రాగి రేకు మాత్రమే, దాని మందం మామూలుగా 0.035 మిల్లీమీటర్లు. టేకు మీద పేరు బోర్డుకి పొడవు కావాలి, గట్టితనమూ కావాలి. రథం ముక్కలు కొయ్యాలంటే ప్లైవుడ్‌లో అడుగుదాకా దిగాలి, అంటే బిట్‌ని తిప్పే స్పిండిల్‌కి దమ్ముండాలి. అల్యూమినియం కొయ్యాలన్నది మీ లిస్టులో మొదటి వరసలో ఉంటే మాత్రం చిన్న మెషీన్ ఆలోచన పక్కన పెట్టండి. వీడియోల్లో 3018 అనే చిన్న మెషీన్ మీద అల్యూమినియం కోసినవాళ్ళున్నారు, కోస్తుంది కూడా, కానీ ఒక్కో పొర పదో వంతు మిల్లీమీటరు చొప్పున గీరుకుంటూ పోతుంటే మీకు ఓపిక పోతుంది, బిట్లూ పోతాయి.

3018 అంటే ఏంటి, అందులో మీకు దక్కేదెంత

ఈ పేర్లలోని అంకెలు బెడ్ మీద బిట్ తిరగగల కొలతలు. 3018 అంటే సుమారు 30 సెంటీమీటర్లు అటు, 18 ఇటు. 4040 అంటే రెండు వైపులా 40. ఒక్కో కంపెనీ తన పేరు తగిలించుకుంటుంది గానీ లోపల సరుకు చాలావరకు ఒక్కటే. ఎత్తు కొలత మాత్రం పేరులో కనిపించదు, అది అడిగి తెలుసుకోవాలి. మామూలు 3018లో స్పిండిల్ పైకీ కిందకీ కదిలేది 45 మిల్లీమీటర్ల దాకా అని రాస్తారు. అందులోంచి బిట్ బయటికి వేలాడే పొడవు, కింద వేసే ఎండీఎఫ్ పలక మందం తీసెయ్యండి. మిగిలిన దాంట్లో పట్టే చెక్క మీరనుకున్నంత మందం ఉండదు. బెడ్ మీద క్లాంపులు కూడా చోటు తింటాయి, కాబట్టి 18 సెంటీమీటర్ల వెడల్పులో 15 చేతికి వస్తే సంతోషించండి.

అలాగని పెద్ద బెడ్ కొనెయ్యాలని కాదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. చవక మెషీన్లలో స్పిండిల్ బరువంతా రెండు నున్నటి స్టీలు రాడ్ల మీద ఉంటుంది, ఆ రాడ్లకి రెండు చివర్లా తప్ప మధ్యలో ఆధారం లేదు. అలాంటి రాడ్ పొడవు రెట్టింపు చేస్తే అదే తోపుకి ఎనిమిది రెట్లు వంగుతుంది. లావు మాత్రం 10 మిల్లీమీటర్ల నుంచి 12కి పెంచితే చాలు, వంగడం సగానికి తగ్గిపోతుంది. అంటే అదే రాడ్లతో, అదే ప్లాస్టిక్ పట్టీలతో, సైజు మాత్రం పెంచి ఇంకో అయిదారు వేలు ఎక్కువ పెట్టి అమ్మే మెషీన్ నిజానికి చిన్నదాని కంటే నాసిరకం పని చేస్తుంది. సైజు పెరిగినప్పుడు రాడ్లు పోయి లీనియర్ రైళ్ళు (పొడవునా కింద ఆధారం ఉండే స్టీలు పట్టాలు) రావాలి, ప్లాస్టిక్ ముక్కలు పోయి అల్యూమినియం పలకలు రావాలి, స్పిండిల్‌ని అటూ ఇటూ కదిలించే మోటార్లు నెమా 17 సైజు నుంచి ఇంకా పెద్దదైన నెమా 23కి మారాలి. ఈ మూడింట్లో రెండైనా మారకుండా బెడ్ ఒక్కటే పెరిగిందంటే అటు వెళ్ళకండి.

గట్టితనం ఎలా చూడాలి

తెలిసినవాళ్ళింట్లో కొత్త మెషీన్ చూడ్డానికి వెళ్ళినప్పుడు పక్క వీధి నుంచి ఒక పెద్దాయన కూడా వచ్చాడు. జన్మంతా కొమ్ము పని, చెక్క పని చేసిన చెయ్యి ఆయనది. మేం కంప్యూటర్ ముందు తంటాలు పడుతుంటే ఆయన నెమ్మదిగా వచ్చి, ఆపి ఉన్న స్పిండిల్ పక్కన బొటనవేలు ఆనించి తోశాడు. అంత బలంగా కూడా కాదు, పండిందో లేదో చూడ్డానికి మామిడికాయ నొక్కినంత. స్పిండిల్ కంటికి కనిపించేలా పక్కకి జరిగి, వేలు తియ్యగానే వెనక్కొచ్చింది. "ఇది ఊగుతోంది బాబూ, ఉలి ఊగితే గీత ఎలా నిలుస్తుంది?" అన్నాడు. ఇంటివాడు ఏదో సర్దిచెప్పబోయాడు గానీ చెప్పడానికేమీ లేదు.

మీరూ అదే చెయ్యండి. మెషీన్‌కి కరెంటు ఇచ్చి, మోటార్లు లాక్ అయ్యాక, స్పిండిల్ కింది చివర, అంటే బిట్ బిగించే చోట, పక్కకీ ముందుకీ తోసి చూడండి. దగ్గర్లో లేత్ షాపు ఉంటే వాళ్ళ దగ్గర డయల్ గేజ్ ఉంటుంది, ఓ పూట అడిగి తెచ్చుకుంటే ఎంత జరుగుతోందో అంకెల్లో తెలిసిపోతుంది. నా లెక్కలో ఒక వేలి తోపుకి 0.1 మిల్లీమీటరు లోపు ఉంటే చెక్క పనికి హాయిగా సరిపోతుంది, 0.3 దాటితే అక్షరాల అంచులు వంకరగా వస్తాయి.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు వేలు పెట్టి చూడలేం కదా అంటారు. నిజమే, కానీ ఫొటోలు పెద్దవి చేసి చూడొచ్చు. స్పిండిల్‌ని పట్టుకున్న ముక్క నల్లటి ప్లాస్టిక్కా, మరపట్టిన అల్యూమినియమా? పక్క పలకలు ఒక్కో మూల ఎన్ని స్క్రూలతో నిలబడ్డాయి? ముందు, వెనక ఫ్రేములో వాడిన అల్యూమినియం సెక్షన్ 2020యా, 2040యా? 2040 అంటే ఒక వైపు 20, రెండో వైపు 40 మిల్లీమీటర్లు, నిలబెట్టి బిగిస్తే అదే పొడవుకి చాలా తక్కువ వంగుతుంది. ఇంకో పని చెయ్యండి, అమ్మేవాళ్ళకి మెసేజ్ పెట్టి, స్పిండిల్ పట్టుకుని ఊపుతూ పది సెకన్ల వీడియో పంపమనండి. పంపినవాళ్ళ దగ్గరే కొనండి. పంపకుండా "టెన్షన్ పడకండి సార్, బెస్ట్ క్వాలిటీ" అన్నవాళ్ళని వదిలెయ్యండి.

కదిలించే పద్ధతి కూడా చూడాలి. చిన్న మెషీన్లలో ఎక్కువగా టీ8 స్క్రూలు ఉంటాయి, 8 మిల్లీమీటర్ల లావు, దాని మీద ఇత్తడి నట్టు. ఆ నట్టులో స్ప్రింగు పెట్టి రెండు ముక్కలుగా ఉంటే మంచిది, స్క్రూ దిశ మార్చినప్పుడు వచ్చే లూజుని అది పీల్చేస్తుంది. అది పెట్టకపోయినా పర్వాలేదు, తర్వాత కొనుక్కుని మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చేం కాదు. బెల్టుతో నడిచేవి వేగంగా కదులుతాయి గానీ బెల్టు సాగుతుంది, లోతుగా కోసేటప్పుడు తేడా తెలుస్తుంది. బాల్ స్క్రూలు ఇస్తే అంతకంటే కావాల్సింది లేదు, ధర కూడా అలాగే ఉంటుంది.

స్పిండిల్ సంగతి

3018తో వచ్చేది 775 అనే డీసీ మోటారు, 24 వోల్టులు, ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి పది వేల చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది, చెక్కలో దిగగానే తగ్గిపోతుంది. చెడ్డదేం కాదు. చప్పుడు తక్కువ, చవక, కాలిపోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. పీసీబీలకీ, ఎండీఎఫ్ మీద చెక్కడానికీ, మెత్తని చెక్కకీ ఇది చాలు. టేకులో, తుమ్మలో రోజూ పని పెట్టుకుంటే మాత్రం మూలుగుతుంది.

ఆ పై మెట్టు 500 వాట్ల ఎయిర్ కూల్డ్ స్పిండిల్, దాని మీద మెట్టు వడ్రంగులు అంచులు నునుపు చేసుకునే ట్రిమ్మర్. ఈ ట్రిమ్మర్ విషయంలో ఒక కిటుకుంది, అమ్మేవాళ్ళు చెప్పరు. మన బజార్లలో దొరికే చవక ట్రిమ్మర్లు చాలావరకు ఒకటే వేగం, నిమిషానికి 30,000 చుట్లు. బిట్ ఒక్కో చుట్టుకి ఒక్కో అంచుతో కొంత పొట్టు తియ్యాలి, అది మరీ తక్కువైతే కొయ్యడం మానేసి రుద్దుతుంది, రుద్దితే వేడి, వేడికి చెక్క మాడుతుంది, బిట్ మొండిదవుతుంది. లెక్క ఇలా వేసుకోండి: చుట్లు × బిట్ అంచులు × ఒక్కో అంచు తీసే మందం = మెషీన్ నడవాల్సిన వేగం. 775 మోటారుతో 10,000 × 2 × 0.04, అంటే నిమిషానికి 800 మిల్లీమీటర్లు, 3018 దీన్ని హాయిగా నడుస్తుంది. అదే 30,000 చుట్లయితే 2,400 మిల్లీమీటర్లు కావాలి, సన్న రాడ్ల మెషీన్ ఆ వేగంలో చెక్కలో నడవలేదు. కాబట్టి ట్రిమ్మర్ పెట్టుకోవాలంటే వేగం తగ్గించే డయల్ ఉన్నదే తీసుకోండి. మకీటా ఆర్‌టీ0700 లాంటి వాటిలో 10,000 దాకా తగ్గించుకోవచ్చు, దాని ఒళ్ళు 65 మిల్లీమీటర్ల లావు, ఆ కొలతకి బ్రాకెట్లు తేలిగ్గా దొరుకుతాయి.

ట్రిమ్మర్ చప్పుడు మాత్రం మామూలుగా ఉండదు. పర్లాకిమిడి, బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి కదా, రాత్రి తొమ్మిదికి మీరు మొదలెడితే పక్కింటి పిన్ని తలుపు కొడుతుంది. ఉద్యోగం నుంచి వచ్చాకే తీరిక అనుకునేవాళ్ళు ఈ ఒక్క కారణానికైనా 775 తోనో 500 వాట్ల స్పిండిల్‌తోనో సరిపెట్టుకోండి.

బిట్ పట్టుకునే కొలెట్ ఈఆర్11 అయి ఉండాలి. ఇది ఒక ప్రమాణం కొలత, అన్నిచోట్లా దొరుకుతుంది. మనకు అమ్మే చిన్న బిట్ల కాడ 3.175 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ కొలెట్ మెషీన్‌తో పాటు వచ్చిందో లేదో చూసుకుని, 4, 6 మిల్లీమీటర్లవి విడిగా కొనుక్కుంటే సరి.

బోర్డు, సాఫ్ట్‌వేర్, మన అక్షరాలు

కంట్రోలర్ బోర్డు మీద జీఆర్‌బీఎల్ నడుస్తోందో లేదో అడగండి. ఇది మెషీన్‌ని నడిపించే, 2009లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. చిన్న మెషీన్లలో ఎక్కువ భాగం దీని మీదే నడుస్తాయి. దీనితో లాభమేంటంటే బోర్డు కాలిపోయినా ఆ కంపెనీ కోసం ఎదురుచూడక్కర్లేదు, ఒక ఆర్డుయినో యూనో, దాని మీద సీఎన్‌సీ షీల్డ్, మూడు స్టెప్పర్ డ్రైవర్లు ఉంటే మెషీన్ మళ్ళీ లేస్తుంది. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివే ఏ కుర్రాణ్ణి అడిగినా ఇవి ఎక్కడ దొరుకుతాయో చెబుతాడు. కంపెనీ సొంత యాప్‌తో తప్ప నడవని మెషీన్ ఎంత అందంగా ఉన్నా మన ఊళ్ళకి వద్దు.

కంప్యూటర్ నుంచి మెషీన్‌కి కోడ్ పంపే సాఫ్ట్‌వేర్‌కి క్యాండిల్, యూనివర్సల్ జీ-కోడ్ సెండర్, రెండూ ఉచితమే. బొమ్మ గియ్యడానికి ఇంక్‌స్కేప్, త్రీడీ పనికి ఫ్రీక్యాడ్. సర్క్యూట్ బోర్డులకి కైక్యాడ్‌లో గీసి ఫ్లాట్‌క్యామ్‌లో కోడ్ చేసుకుంటారు.

మన లిపి దగ్గర కాస్త ఆగాలి. కొన్ని సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్లలో తెలుగు నేరుగా టైపు చేస్తే వొత్తులు విడిపోతాయి, "శ్రీ" అన్నది మూడు ముక్కలై పడుకుంటుంది. ఒడియాకీ ఇదే గొడవ. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంట్‌తో రాసి, రాసినదాన్ని పాత్‌గా మార్చి, ఎస్‌వీజీ ఫైల్‌గా సేవ్ చేసి, దాన్ని క్యామ్ సాఫ్ట్‌వేర్లోకి, అంటే గీతల్ని మెషీన్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చేదాన్లోకి, తీసుకోండి. ఇక అక్షరం అక్షరంగా కాదు, గీతగా వెళుతుంది కాబట్టి చెదరదు. ఆ తర్వాత బిట్. "క్ష్మి" అని చెక్కాలనుకోండి, కింద వొత్తులో సందు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, 3.175 బిట్ అందులో దూరదు, సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా ఆ భాగం వదిలేసి పోతుంది. వీ ఆకారపు బిట్ పెట్టి వీ-కార్వింగ్ చెయ్యండి, 60 డిగ్రీలది అక్షరాలకి బాగుంటుంది, సన్న చోట పైపైన, వెడల్పు చోట లోతుగా దిగి ఉలితో చెక్కినట్టే వస్తుంది. వీ-కార్వింగ్‌లో లోతు కొంచెం తేడా వస్తే గీత లావు మారిపోతుంది, అంటే బెడ్ సమతలంగా లేని మెషీన్ ఇక్కడే దొరికిపోతుంది.

లిమిట్ స్విచ్‌లు, అంటే అంచుకి చేరినట్టు మెషీన్‌కి చెప్పే మీటలు, ఉన్నదే తీసుకోండి. చవక 3018ల్లో ఉండవు, ప్రో అనీ ప్రోవర్ అనీ పేరున్న వాటిలో కొన్నిటికి ఉంటాయి. ఎమర్జెన్సీ బటన్ ఉంటే ఇంకా మంచిది. లిమిట్ స్విచ్ ఎందుకో కరెంటు పోయిన రోజు తెలుస్తుంది.

కరెంటు

జీఆర్‌బీఎల్‌కి జ్ఞాపకం లేదు. పని మధ్యలో కరెంటు పోతే తను ఎక్కడుందో మర్చిపోతుంది. లిమిట్ స్విచ్‌లు ఉంటే మళ్ళీ మూలకి వెళ్ళి, అక్కణ్ణుంచి కొలుచుకుని, కోడ్‌లో ఆగిన లైను నుంచి మొదలుపెట్టించొచ్చు. లేకపోతే కంటితో సరిచెయ్యాలి, ఆ అతుకు బోర్డు మీద జీవితాంతం కనిపిస్తుంది. గాలివాన కాలంలో, అంటే మనకి వైశాఖం చివర నుంచి కార్తీకం దాకా అనుకోండి, పెద్ద పనులు పెట్టుకునేవాళ్ళు ఒక యూపీఎస్ పక్కన పెట్టుకోవాలి. 775 మోటారుతో ఉన్న 3018 మొత్తం కలిపి తినేది తక్కువే, కంప్యూటర్ యూపీఎస్ దాన్ని కాసేపు మోస్తుంది, ఆ కాసేపట్లో పాజ్ నొక్కి, స్పిండిల్ పైకి లేపి, లైను నంబరు రాసుకోవచ్చు. ట్రిమ్మర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించకండి.

ఇంకో చిన్న విషయం, పెద్ద నష్టం చేసేది. కొన్ని మెషీన్లతో వచ్చే పవర్ సప్లై డబ్బా పక్కన ఒక చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది, 115, 230 అని. డబ్బాలోంచి తీసిన వెంటనే అది 230 వైపు ఉందో లేదో చూశాకే ప్లగ్గు పెట్టండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తింగ్ నిజంగా ఉందో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్తింగ్ లేకపోతే దుమ్ము లాగే వ్యాక్యూమ్ ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి యూఎస్‌బీ కనెక్షన్ తెగిపోయి, తప్పు ల్యాప్‌టాప్‌దని తిట్టుకుంటూ కూర్చుంటారు.

మోసుకెళ్ళడం

పోర్టబుల్ అంటే జేబులో పెట్టుకునేదేం కాదు. 3018 పది కిలోల లోపే ఉంటుంది, ఒక్కరు ఎత్తగలరు, గుణుపురం రైల్లో సీటు కింద పట్టిస్తారు. లీనియర్ రైళ్ళు, అల్యూమినియం పలకలు ఉన్నవైతే ఇద్దరు కావాలి. మేళాలకీ, కాలేజీ ఎగ్జిబిషన్లకీ తీసుకెళ్ళాలనుకుంటే, దించిన ప్రతిసారీ ఫ్రేము మూలమట్టంగా ఉందో లేదో చూసుకోక తప్పదు. ఒక దారం తీసుకుని మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి, రెండూ సమానమైతే సరే, తేడా ఉంటే స్క్రూలు వదులు చేసి సర్ది మళ్ళీ బిగించండి. స్పిండిల్‌ని కిందికి దించి, కదలకుండా థర్మాకోల్ ముక్క పెట్టి కట్టాకే ఎత్తండి.

చేత్తో పట్టుకుని గీత వెంట నడిపించే షేపర్ ఆరిజిన్ అనేది ఒకటుంది, నిజంగా పోర్టబుల్ అంటే అదే. కానీ దాని ధరకి ఇక్కడ మంచి సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది, అందుకని ఇక్కడితో వదిలేస్తున్నా.

ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి

మామూలు 3018 పాతిక వేలకి అటూ ఇటూ, గట్టి ఫ్రేముతో 500 వాట్ల స్పిండిల్ ఉన్న 4040 లాంటివి దానికి మూడు నాలుగు రెట్లు. ధరలు మారుతుంటాయి, కొనే రోజు చూసుకోండి. చైనా నుంచి నేరుగా తెప్పిస్తే చవక అనిపిస్తుంది గానీ కస్టమ్స్ సుంకం, దాని మీద పన్ను, కొరియర్ వాడి చార్జీలు కలిపితే తేడా కరిగిపోతుంది, పైగా పాడైనది వస్తే తిరిగి పంపడం మన వల్ల కాదు. దేశంలోనే స్టాకు పెట్టుకుని, జీఎస్టీ బిల్లుతో, రిటర్న్ ఉందని రాసిచ్చేవాళ్ళ దగ్గర కొనండి. సరిహద్దు దాటి ఆంధ్రా వైపు పాతపట్నంలో చుట్టాల అడ్రసు ఇచ్చి తెప్పించుకునేవాళ్ళుంటారు, బరువైన పార్సిల్ అయితే అది ఒక్కోసారి మంచిదే, పిన్‌కోడ్ రెండూ కొట్టి చూసి, ఏది త్వరగా వస్తే అది పెట్టండి.

పూర్తిగా బిగించి పంపేదాని కంటే ముక్కలుగా వచ్చే కిట్టే తీసుకోమంటాను. ఒక ఆదివారం పోతుంది. కానీ ప్రతి స్క్రూ మీ చేతుల మీదుగా బిగుసుకుంటుంది కాబట్టి రేపు ఏది వదులైందో చప్పుడు బట్టే పట్టుకోగలుగుతారు. మెషీన్‌తో పాటు అదే ఆర్డర్లో ఒక అదనపు 775 మోటారు, రెండు ఈఆర్11 కొలెట్లు, స్పిండిల్ దిమ్మ లోపలి లీనియర్ బేరింగులు, ఇత్తడి నట్టు, డజను బిట్లు తెప్పించి పెట్టుకోండి. బిట్లు మొదట్లో విరుగుతాయి, అది ఖర్చు కింద రాసుకోవడమే. బడ్జెట్‌లో అయిదో వంతు వీటికని ముందే పక్కన పెట్టండి, అంతా మెషీన్‌కే పెట్టేస్తే మొదటి బిట్ విరిగిన రోజు పని ఆగిపోతుంది.

దేని మీద చెక్కుతారు

నేర్చుకునేటప్పుడు ఎండీఎఫ్ మంచిది, ఏ వైపుకీ ఒకేలా తెగుతుంది. కానీ వానాకాలంలో మన గాలికి అంచులు ఉబ్బుతాయి, గోడకి ఆనించి ఉంచకండి. గుమ్మడిటేకు దొరికితే వదలకండి, మెత్తగా, శుభ్రంగా తెగుతుంది. 3018 మీద రెండంచుల బిట్‌తో ఇలాంటి చెక్కలో ఒక్కో పొర ఒక మిల్లీమీటరు, టేకులో అందులో సగం, అక్కడ మొదలుపెట్టి శబ్దం వింటూ పెంచుకోండి. యాక్రిలిక్ కొనేటప్పుడు క్యాస్ట్ రకమే అడగండి, ఎక్స్‌ట్రూడెడ్ రకం కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది, దానికి ఒకే అంచున్న బిట్ వాడాలి. పీసీబీకి ఎఫ్ఆర్4 కంటే ఎఫ్ఆర్1 పలక మేలు, ఎఫ్ఆర్4లో గాజు పోగులుంటాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. దేనికైనా ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు తప్పవు. చేతి గ్లవుజులు మాత్రం తిరిగే బిట్ దగ్గర వేసుకోకండి, లాక్కుపోతుంది.

కొమ్ము సంగతి. గేదె కొమ్ము చెక్కొచ్చు, వేడెక్కితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది కాబట్టి పదునైన బిట్, తక్కువ చుట్లు, పల్చని పొరలు. కొమ్ము పలక చదునుగా ఉండదు, ముందు చదును చేయించుకుని, అడుగున మాస్కింగ్ టేపు, దాని మీద ఫెవిక్విక్ వేసి అతికించండి, క్లాంపు పెడితే పగులుతుంది. నా మటుకు నాకు, నగిషీ పని చేతివాళ్ళకే వదిలి, మెషీన్‌తో వాళ్ళకి కావాల్సిన దిమ్మలూ అచ్చులూ చేసిస్తే ఇద్దరికీ గిట్టుబాటు. ఎవరైనా జింక కొమ్ము తెచ్చిస్తే, అడవిలో రాలి పడిందే అన్నా సరే, ముట్టుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది కేసు.

లేజర్ ఉచితం అంటే సంబరపడకండి. ఆ లేజర్ రంగుకి తగిన అద్దాలు లేకుండా ఆన్ చెయ్యొద్దు, పీవీసీ మీద అసలే వద్దు, క్లోరిన్ కలిసిన పొగ వస్తుంది, మనిషికీ చెడ్డదే, మెషీన్ ఇనుముకీ చెడ్డదే. రాడ్లకి కుట్టు మిషను నూనె చుక్క వేసి తుడుస్తూ ఉంటే మన ఉక్కకి తుప్పు పట్టవు. కొబ్బరి నూనె వెయ్యకండి, పొట్టుతో కలిసి జిగురవుతుంది. చక్రాల మీద నడిచే మెషీన్ అయితే చక్రాలకి ఏ నూనే వద్దు.

డబ్బా విప్పిన వారంలోనే

రిటర్న్ గడువు ఉండగానే ఈ పరీక్ష చేసెయ్యండి. ఎండీఎఫ్ ముక్క మీద 50 మిల్లీమీటర్ల చదరం ఒకటి, దాని పక్కన 50 మిల్లీమీటర్ల వృత్తం ఒకటి, వీ బిట్‌తో పైపైన గియ్యండి. చదరం గీతలు మధ్య నుంచి మధ్యకి వెర్నియర్‌తో కొలవండి. రెండు వైపులా ఒకే తేడా వస్తే భయం లేదు, జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $100, $101 అంకెలు చూడండి, స్క్రూ ఒక చుట్టుకి 4 మిల్లీమీటర్లు కదిలేదైతే 200 × 16 ÷ 4 (మోటారు ఒక చుట్టుకి వేసే అడుగులు 200, డ్రైవర్ ఒక్కో అడుగునీ చేసే ముక్కలు 16), అంటే 800 ఉండాలి, లేకపోతే మార్చుకుంటే సరిపోతుంది. చదరం మూలల దూరాలు రెండూ సమానంగా లేకపోతే ఫ్రేము మూలమట్టం తప్పింది, సర్దుకోవచ్చు. వృత్తాన్ని మాత్రం వెలుతురులో పెట్టి జాగ్రత్తగా చూడండి. పైన, కింద, కుడి, ఎడమ, ఈ నాలుగు చోట్లా చిన్న బల్లపరుపు గీతలాగో మెట్టులాగో కనిపిస్తే నట్టులో లూజుంది, స్ప్రింగు నట్టు వేస్తే పోతుంది. వృత్తం ఒక వైపుకి సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్ళి, బిట్ కొంచెం లోతుకి దించినప్పుడల్లా ఆ ఆకారం మారుతుంటే మాత్రం ఫ్రేమే వంగుతున్నట్టు, దానికి సెట్టింగులతో మందు లేదు, ఫొటోలు తీసి బిల్లుతో సహా వెనక్కి పంపండి.